పాత పేరుతో పిలిచినవాడు

“డెబ్బై నాలుగేళ్ళ మనిషివి. ఫోన్‌కి తాళం దేనికమ్మా అంటున్నాను. అంతే కదా!” అన్నాడు ఇన్‌స్పెక్టరమ్మ భర్త తల్లితో, మూడోసారి.

“నీ ఫోన్‌కి లేదా?” అంది అత్తగారు పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండా.

“నాది వ్యాపారం. కస్టమర్లుంటారు.”

“నాదీ వ్యవహారమే. చుట్టాలుంటారు.”

“రేపు ఎక్కడైనా కళ్ళు తిరిగి పడిపోయావనుకో. ఎవరికి కబురు చెయ్యాలో ఎలా తెలుస్తుంది?”

“పడిపోతే ముందు నన్ను లేపరా. ఫోన్ సంగతి తర్వాత చూద్దువుగాని.”

కాలేజీకి బయల్దేరుతున్న చిట్టి పకాలున నవ్వింది. తండ్రి ఉరిమి చూశాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి కాబట్టి, కోపం వస్తే కళ్ళజోడు తీసి తుడవడం అలవాటు. ఇప్పటికి రెండుసార్లు తుడిచాడు.

ఇన్‌స్పెక్టరమ్మ గోడ పక్కన నిలబడి బెల్టు బిగించుకుంటోంది. తల్లీకొడుకుల గొడవలో దూరితే ఆ ఇద్దరూ ఒకటైపోయి మూడోవాళ్ళ మీద పడతారని కాపురం మొదలైన ఏడాదే ఆమెకి తెలిసొచ్చింది.

“నువ్వైనా చెప్పవోయ్. పోలీసువి కదా!”

“ఫిర్యాదు ఇవ్వండి, చూస్తాను,” అందామె. అంతలో ఫోన్ మోగింది.

స్టేషన్ నుంచి. రాత్రి భోజనాల వేళ ఎవరో ఒక ఇంట్లోకి దూరి, అద్దెకుంటున్న ముసలాయన్ని కొట్టి పోయారట. దొంగతనం కాదట. చిరునామా విన్నాక ఆమె చెయ్యి బెల్టు మీదే ఆగిపోయింది.

ఆ ఇల్లు ఆమెకి తెలుసు. డిపార్ట్‌మెంట్ మొత్తంలో తనకొక్కదానికే తెలుసనుకుంటోంది. నెలన్నర క్రితం తన సొంత స్కూటర్ మీద వెళ్ళి, ఆ ఇంటి వెనక గదిలో కూర్చుని, మణికట్టుకి కట్టుతో ఉన్న ఒకామె చెప్పినదంతా రాసుకొచ్చింది. ఆమె భర్తది ట్రావెల్స్ వ్యాపారం. గ్యారేజీ వెనక సామాన్ల గదిలో భార్యని పెట్టి బయట తాళం వేసేవాడు. మూడోసారి తప్పించుకుని ఆ ఇంటికి చేరింది. “ఈసారి దొరికితే తాళం వెయ్యడు మేడమ్, తవ్వి పూడుస్తాడు,” అంది. ఏడవకుండా, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

*

కొట్టించుకున్నది డ్రాయింగ్ మాస్టారు. రిటైరై, పదిహేను రోజుల క్రితమే ఆ ఇంట్లో అద్దెకి దిగాడు. కనుబొమ్మ మీద ప్లాస్టరుంది. ముందు గది నిండా సగం రంగులేసిన బొమ్మలున్నాయి. ఒక్కటి కూడా చెదరలేదు.

“తలుపు ఎందుకు తీశారండీ?”

“కొట్టాడమ్మా, తీశాను.”

“ఎలా కొట్టాడు?”

మాస్టారు కుర్చీ చెక్క మీద కొట్టి చూపించాడు. మూడు దెబ్బలు. ఆగి ఒకటి. మళ్ళీ రెండు. “ఎవరో చుట్టం సరదా చేస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే మొహానికి గుడ్డ కట్టుకున్న కుర్రాడు. ‘జల్లెడ ఎక్కడ?’ అన్నాడు. వంటింట్లో మేకుకి తగిలించి ఉందన్నాను. అప్పుడు కొట్టాడు.”

ఇన్‌స్పెక్టరమ్మకి నవ్వు రాలేదు. “తర్వాత?”

“తిన్నగా వెనక్కి వెళ్ళి బీరువా పక్కకి జరిపాడు. దాని వెనక ఒక గది ఉందమ్మా! నేను అద్దెకున్న ఇంట్లో నాకే తెలియని గది. వాడొచ్చి చూపించాలా? ఖాళీగా ఉండేసరికి గోడని ఒక తన్ను తన్ని పోయాడు.”

ఆమె వెనక గదిలోకి వెళ్ళింది. బీరువా కాళ్ళ కింద సున్నం గీతలు పడ్డాయి. ఒకే ఊపులో జరిపినట్టు తిన్నటి గీతలు. వెతికినవాడికి గీతలు అటూ ఇటూ పోతాయి. వీడు వెతకలేదు. తెలిసి వచ్చాడు. తలుపు ఎలా కొట్టాలో, ఏ పేరుతో పిలవాలో, ఏ బీరువా జరపాలో, అన్నీ తెలుసు. ఒక్కటి మాత్రం తెలీదు. పక్షి ఎగిరిపోయిందని.

కబురందుకుని టీచరమ్మ వచ్చింది. లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్ళకి దారి చూపించే మనిషి. ఆవిడ ఫోన్‌లో ఒక గుంపు ఉంది. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ తప్ప మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా మాటల్ని బిగించి పంపే రకం. అందులో ఎవరికీ సొంత పేర్లుండవు. ఒకరు గరిటె, ఒకరు మూకుడు, ఒకరు జల్లెడ.

“మేం ఇల్లు మారిన రోజే పేర్లూ మారుస్తాం, తలుపు కొట్టే పద్ధతీ మారుస్తాం. ఇప్పుడామె జల్లెడ కాదు. ఏమిటో మీకూ చెప్పను, ఏమీ అనుకోకండి,” అంది టీచరమ్మ.

“అడగను. పాత మాటలు ఫోన్‌లో ఉంటాయా?”

“ఉండవు. ఒక్క రోజుకి వాటంతటవే చెరిగిపోతాయి.”

“మీ గుంపులోవాళ్ళే ఎవరైనా చెప్పి ఉంటే?”

“చెప్పేవాళ్ళు కొత్త ఇల్లే చెబుతారు కదండీ. పాతది చెప్పి ఏం లాభం?”

నిజమే. పాత మాటలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. అవి ఉన్న రోజునే ఎవరో నకలు తీసి దాచి ఉండాలి. ఇన్‌స్పెక్టరమ్మ గోడకి ఆనుకుంది. “మీ ఫోన్ మీ చెయ్యి దాటి ఎప్పుడైనా పోయిందా?”

టీచరమ్మ ఆమె వైపు కాసేపు చూసింది. ఆ చూపులో నింద లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“ఒకే ఒక్కసారి. పోయిన నెలలో. పెళ్ళాం కనబడటం లేదని ఆయన ఫిర్యాదు ఇస్తే, మీవాళ్ళే వచ్చి పట్టుకెళ్ళారు. సాయంత్రానికి తిరిగిచ్చారు. ఆమె మేజరే, ఇష్టపడే వెళ్ళిందని తేలాక సారీ కూడా చెప్పారు. మర్నాడే నేను ఇంకా గట్టి తాళమున్న కొత్త ఫోన్ కొనుక్కున్నాను.”

*

ట్రావెల్స్ యజమాని ఆఫీసు గోడ నిండా మేకులే, మేకుల నిండా తాళంచెవులే. ఒక్కో చెవికీ బండి నంబరు రాసిన బిళ్ళ. ఆయన తెల్లటి చొక్కాలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

“నిన్న రాత్రి ఎక్కడున్నారు?”

“మీ డిపార్ట్‌మెంట్ క్రీడోత్సవంలో. బండ్లు నావే కదండీ. మీ పెద్దాయన పక్కనే భోజనం చేశాను. సాక్షులు కావాలంటే యాభైమంది పోలీసులున్నారు. చాలరా?”

“నిన్న ఒక ఇంట్లో గొడవ జరిగింది. మీ మనిషి ఎవరైనా వెళ్ళాడా అని అడగడానికొచ్చాను.”

“నా మనుషులు బండ్లు కడుక్కుంటారు.” ఆయన టీ ఊదుకున్నాడు. “నా పెళ్ళానికి గరిటనీ జల్లెడనీ పేర్లు పెట్టి ఆడుకునేవాళ్ళ గడప తొక్కాల్సిన ఖర్మ నాకేంటండీ?”

ఆ పేర్లు ఆమె ఎత్తనేలేదు.

“ఆ పేర్లు మీకు ఎవరు చెప్పారు?” అందామె నెమ్మదిగా.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఒక్క క్షణం, అంతే. మళ్ళీ నవ్వేశాడు. “ఊళ్ళో అనుకుంటుంటే విన్నాను.”

“ఊళ్ళో ఎవరనుకుంటున్నారు?”

“ఊరన్నాక అందరూ అనుకుంటారు. అందర్నీ తీసుకురమ్మంటారా, బండ్లు పంపిస్తాను.”

ఎంత అడిగినా ఇంతే. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం, కనీసం గోడ నవ్వదు. పదకొండుంబావుకి ఆమె లేచింది. దొంగ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడని తెలుసు. ఆ టీ గ్లాసు కూడా పక్కకి జరపలేని స్థితి తనది.

*

సైబర్ విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యదు. ఆ విభాగం అధికారి ఆమెతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. ఎంత గట్టి ఫోనైనా విప్పే పెట్టె ఒకటి అతని దగ్గరుంది కాబట్టి, అందరూ తాళాలాయన అంటారు. అతనికా పేరంటే మహా ఇష్టం.

“రావమ్మా బ్యాచ్‌మేటూ! మెట్లెక్కొచ్చావా? ఆరోగ్యానికి మంచిదిలే.”

“పోయిన నెలలో టీచరమ్మ ఫోన్ నకలు తీశావు. ఆమె తప్పేం లేదని తేలాక ఆ నకలేం చేశావు?”

“ఏం చేస్తాం? ఉంటుంది.”

“చెరిపెయ్యాలి కదా?”

“ఎప్పుడే అవసరమొస్తుందో ఎవరికి తెలుసు? నువ్వు పాత గోనెసంచి పారేస్తావా?”

“సంచీ కాదు, మనిషి ప్రాణం. అందులో ఉన్న తలుపు దెబ్బలు నిన్న రాత్రి ఒకడు కొట్టాడు. అందులో ఉన్న పేరుతో పిలిచాడు. అందులో ఉన్న బీరువా జరిపాడు. నువ్వు నకలు తీసిన తర్వాత మారినవేవీ వాడికి తెలీవు. లీకైంది ఈ గదిలోంచే.”

తాళాలాయన నవ్వు సగంలో ఆగింది. “నోరు జాగ్రత్త. అసలు వాళ్ళు ఆ తాళాలేసుకుని గుసగుసలాడటమే తప్పు. పేరు లేదు, ఊరు లేదు, మాటలు చెరిగిపోతాయి. తప్పు చెయ్యనివాడికి దాపరికం దేనికి? పైగా హక్కులూ గిక్కులూ అని ఉపన్యాసాలు. పోయినేడు ఎత్తుకుపోయిన ఆ పాపని ఎవరు తెచ్చారు? నా పెట్టె తెచ్చింది. మర్చిపోయావా?”

మర్చిపోలేదు. ఆ పాపకి తన చేత్తో బిస్కెట్లు తినిపించింది.

“పాపని తెచ్చావు. కాదనను. అది ఎత్తుకుపోయినవాడి ఫోన్. ఇది నూటయాభైమంది ఆడవాళ్ళు నమ్మి రాసుకున్న ఫోన్. ఆమెని గ్యారేజీ గదిలో పెట్టి తాళం వేసినప్పుడు, ఆ తాళం తియ్యడానికి మనలో ఒక్కడికీ తీరిక లేకపోయింది. ఆమె వేసుకున్న తాళం తియ్యడానికి మాత్రం పెట్టె పట్టుకుని పరిగెత్తాం. సరే, ఆ నకలు ఎవరెవరు తెరిచారో చూపించు.”

“అడిగే అధికారం నీకు లేదు.”

“లేదు. చూపించకపోతే లీకు చేసింది నువ్వేనని రాస్తాను. అది రాసే అధికారం ఉంది.”

అతను గొణుక్కుంటూ కంప్యూటర్ తెరిచాడు. తెర అంచుకి ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది, దాని మీద పెన్నుతో పాస్‌వర్డ్. ఊరందరి తాళాలూ విప్పే గదికి ఉన్న తాళం అది.

నకలు తీసిన రోజు ఒకసారి తెరిచారు. తర్వాత చాలా రోజులు ఎవరూ ముట్టుకోలేదు. ఈ వారంలో ఐదుసార్లు తెరిచారు. తెరిచినవాడి పేరు ఉండాల్సిన చోట ప్రతిసారీ ఒకే మాట ఉంది: డ్యూటీ.

“డ్యూటీ ఎవరు?”

“ఎవరేంటి? అందరూ. ఒక్కొక్కడికి ఒక్కో పేరూ పాస్‌వర్డూ ఇస్తే మర్చిపోతున్నారు. పని నడవాలి కదా.”

“అంటే ఎవడు తెరిచాడో చెప్పలేవు.”

“పద్నాలుగుమంది పనిచేస్తారిక్కడ. ఏ ఒక్కణ్ణి అనుమానిస్తాం?”

ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెరగలేదు. కోపం నెత్తికెక్కినప్పుడు ఆమె మాట ఇంకా తగ్గుతుంది.

“బతకడానికి పేరు దాచుకున్న ఆడదానికి ఆ హక్కు లేదన్నావు. ఆమెని అమ్మేసినవాడికి మాత్రం నువ్వే ముసుగు కుట్టించి, జీతమిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టావు.”

ఆమె తెర మీద చివరి వరస చూస్తోంది. ఈరోజే. పదకొండున్నరకి. తను ట్రావెల్స్ ఆఫీసు గుమ్మం దాటిన పావుగంటకి, ఈ గదిలో ఒకడు మళ్ళీ ఆ నకలు తెరిచాడు. పాత ఇల్లు ఖాళీ అని తెలిశాక కొత్త ఇంటి జాడేమైనా దొరుకుతుందేమోనని వెతికాడు.

“ఈ పూట ఇక్కడెవరున్నారు?”

“వస్తుంటారు, పోతుంటారు. నేను మీటింగులో ఉన్నా.”

తాళాలాయన ముఖం మొదటిసారి వెలవెలబోయింది. చెడ్డవాడు కాదు. చేతిలో సుత్తి ఉంది కాబట్టి కనబడ్డ ప్రతిదీ కొబ్బరికాయే అనుకునే రకం. దేవుడి గదో పసిపిల్లాడి తలో చూసుకోడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. పెద్దాయన, ఆమె పై అధికారి.

“ఏమ్మా, ఆ ట్రావెల్స్ అతన్ని వేధిస్తున్నావట. అతనే మళ్ళీ ఫిర్యాదు ఇచ్చాడు, భార్యని ఎవరో బంధించారని. రేపు పొద్దున ఆ టీచర్ కొత్త ఫోన్ సైబర్‌కి అప్పజెప్పు. ఆవిడతో నువ్వూ మాట్లాడుతుంటావట, నీ ఫోన్ కూడా.”

“సార్, లీకైంది సైబర్‌లోంచే. నా కళ్ళారా చూశాను.”

“పేరు చెప్పు, వెంటనే సస్పెండ్ చేస్తా.”

ఆమె నోరు తెరిచింది. చెప్పడానికి పేరు లేదు.

“చూశావా? ఆధారం లేకుండా మాట్లాడకూడదమ్మా,” అని ఆయన పెట్టేశాడు.

తాళాలాయన ఎటో చూస్తూ అన్నాడు: “ఇవ్వకపోతే నిన్నే పక్కన పెడతారు. ఆ టీచర్ విప్పకపోయినా నా పెట్టె రెండు మూడు రోజుల్లో విప్పేస్తుంది, చెరిగిన మాటలు కూడా తోడేస్తుంది. విప్పితే ఈ మెషీన్‌లోకే వస్తుంది. నేనేం చెయ్యను? ఆర్డరు.”

*

కిందికొచ్చి జీపు తలుపు తియ్యబోయి ఆగిపోయింది. వెనక అద్దం మూల చిన్న స్టిక్కరు. ట్రావెల్స్ పేరు. డిపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్న ఈ బండి ఎక్కే పొద్దుటి నుంచీ తిరుగుతోంది. డ్రైవరు ఆయన జీతగాడే. టీచరమ్మని అడిగి నేరుగా కొత్త ఇంటికే వెళ్దామని ఒక క్షణం అనుకుంది పొద్దున. వెళ్ళి ఉంటే ఈపాటికి అంతా అయిపోయేది. కంచే చేను మేస్తోందని సామెత చెబుతారు గానీ, ఆ కంచె మీద కూర్చునే తను ఊరేగుతోందని ఏ సామెతా చెప్పలేదు.

“మేడమ్, ఎటు పోనివ్వమంటారు?” అన్నాడు డ్రైవరు నవ్వుతూ.

“తలనొప్పిగా ఉంది. నువ్వు భోంచేసి రా. నేను స్టేషన్లోనే ఉంటాను.”

వెనక గేటులోంచి బయటపడి సిటీబస్సెక్కింది. టీచరమ్మ ఇంట్లో ఆవిడ చీర ఒకటి కట్టుకుని, యూనిఫాం సంచిలో పెట్టుకుంది. జరిగింది చెప్పింది.

“ఫోన్ ఇవ్వమంటే ఇస్తాను. విప్పను,” అంది టీచరమ్మ. “అరెస్టు చేసుకోండి. అందులో ఈమె ఒక్కతే కాదు. పక్కన మొగుడు నిద్రపోతుంటే దుప్పటి కింద దూరి రాసినవాళ్ళున్నారు. నన్ను చూసి రాయలేదు వాళ్ళు, తాళం చూసి రాశారు.”

“రెండు మూడు రోజుల్లో విప్పేస్తారట.”

“ఈ రెండు మూడు రోజుల్లో మిగతావాళ్ళకి కబురు పంపి, ఇళ్ళు మార్పించగలను. ఈమెకే... మాకున్న చోట్లన్నీ ఏదో ఒకప్పుడు ఆ పాత ఫోన్‌లోనో ఈ కొత్తదాంట్లోనో రాసుకున్నవే. ఏ ఫోన్‌లోనూ ఎక్కని ఇల్లంటూ నాకు మిగల్లేదమ్మా.”

ఇన్‌స్పెక్టరమ్మ యూనిఫాం సంచి భుజానికి తగిలించుకుంది. దాక్కున్నామె ఇప్పుడెక్కడుందో నోటితో చెప్పమంది. టీచరమ్మ చెవిలో చెప్పింది.

*

రాత్రి భోజనానికి అందరూ కూర్చున్నారు. భర్త కొత్త కళ్ళజోళ్ళ ఫ్రేములు ఆలస్యమైన సంగతి చెబుతున్నాడు. చిట్టి పరీక్ష తేదీ మార్చారని తిడుతోంది. అత్తగారు అందరికీ వడ్డించి తన కంచం ముందు పెట్టుకుంది.

“మీ ముగ్గురికీ ఒక మాట చెప్పాలి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆమె గొంతు మరీ నెమ్మదిగా ఉండేసరికి అందరూ తలెత్తారు.

“రేపు నా ఫోన్ తీసుకుంటారు. ఇస్తాను. తర్వాత బహుశా నన్ను కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోమంటారు. కూర్చుంటాను. మీ ఫోన్లు కూడా అడగొచ్చు. అందుకని ఇప్పుడు చెప్పేది ఎవరూ ఎక్కడా రాయకండి. ఎవరికీ ఫోన్‌లో చెప్పకండి. చిట్టీ, నీ స్నేహితురాళ్ళకి కూడా.”

“ఏమైందోయ్?” అన్నాడు భర్త. చెయ్యి కళ్ళజోడు మీదకి పోయింది గానీ తియ్యలేదు.

“ఒకామె మనింట్లో ఉంటుంది. ఎన్నాళ్ళో నాకూ తెలీదు. పేరు అడగొద్దు, చెప్పదు. ఆమె భర్త వెతుకుతున్నాడు. వాడికి మావాళ్ళే తోడున్నారు, ఎవరో తెలీదు. అది తేలేదాకా ఆమె ఇక్కడే.”

“ఇక్కడికే వస్తే?”

“రావచ్చు.”

భర్త ఏదో అనబోయి తల్లి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లేచి అలమరలోంచి ఇంకో కంచం తీస్తోంది.

“ఎప్పుడొస్తుందమ్మాయ్?”

“మధ్యాహ్నం మీరు కునుకు తీస్తున్నప్పుడే వచ్చిందత్తయ్యా. మేడ మీద గదిలో ఉంది. మీరందరూ తిన్నాక దిగుతానంది. నేనే, అందరితోనూ కలిసి తిందువుగాని అన్నాను.”

ఇన్‌స్పెక్టరమ్మ లేచి మెట్ల వైపు నడిచింది.